గీత బయట విడిచిన చెప్పులు

మొయినాబాద్ మైదానంలో మళ్లీ సున్నం గీతలు కనబడితే ఆగాను. ఇప్పుడవి ప్లాట్ల హద్దులట.

చేవెళ్ల నుంచి ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి నడిచొచ్చిన మనవాళ్లకు గుర్తుండాలి. ఆటగాళ్లు వట్టికాళ్లతో ఆడేవారు. అడుగున గుచ్చుకున్న తుమ్మముళ్లు మన వెంట లోపలికి రాకూడదని గోల్‌కీపర్ నర్సింలు అందరి చెప్పులూ గీత బయటే విడిపించేవాడు. తడిసిన తోలుబంతి వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది.

ఆ నేలను ఐటీ ఉద్యోగులకు అమ్మిపెడుతున్నది ఆ నర్సింలే. పేరు దాచను, చదివితే చదవనీ. ఒకప్పటి గోల్ దగ్గర బూట్లతో నిలబడి ఉన్నాడు. అలవాటుగా నేను చెప్పులు విడిచాను.

"గవెందుకు ఇడుస్తున్నవ్ పెద్దమనిషీ? ఆడెటోళ్లు ఎవరున్నరిప్పుడు?" అని నవ్వాడు.

గీత దాటాను. రెండడుగులు వేయకముందే అరికాల్లో తుమ్మముల్లు దిగింది.