కాలవకిచ్చిన పేరు

శుక్రవారం పొద్దున్నే ఎదురింటి అరబ్బీ ఆవిడ వేసే బుఖూర్ పొగ మా అంతస్తు నడవా అంతా నిండిపోతుంది, ఈ అరబ్బు దేశంలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో నాకది పండగపూట సాంబ్రాణిలాగే ఉంటుంది. మొన్న ఆ పొగలోనే తలుపు తీస్తే, ఎవరో గడప దగ్గర పడేసిపోయిన అరబ్బీ అక్షరాల కాగితం కాలికి తగిలింది. వంగి తీసి, కళ్ళకద్దుకుని, కిటికీ గట్టు మీద పెట్టాను.

"అమ్మమ్మా, అది ఉల్లిపాయల డిస్కౌంట్ కాగితం" అని మనవరాలు నవ్వింది.

కావచ్చు. కాగితాన్ని తొక్కకూడదని మా నాయనమ్మ చెప్పింది, ఆ అక్షరాలున్నదైతే అసలే తొక్కకూడదని మస్తాన్ మామయ్య చెప్పాడు. ఇద్దరి మాటా నాకు ఒకే వయసులో ఒంటపట్టింది.

నేను పుట్టింది 1943లో. గుంటూరు జిల్లాలో కాలవ గట్టున మా ఇంటికీ మస్తాన్ మామయ్య ఇంటికీ మధ్య ఒక తడిక మాత్రమే ఉండేది. రంజాన్ నాడు వాళ్ళావిడ బీబమ్మత్త నేతిలో సేమ్యా వేయిస్తే ఆ కమ్మదనం ముందు తడిక దాటి వచ్చేది, గిన్నె తర్వాత వచ్చేది. ఉగాదికి మా వేపపూత పచ్చడి అటు వెళ్ళేది. మండు వేసవిలో పిల్లలమంతా వాళ్ళ చల్లటి మట్టి అరుగు మీద చేరి అచ్చంగాయలు ఆడుతూ, ముంజలు బొటనవేలితో పొడిచి తాగుతూ, లోపలి గోడకున్న బొమ్మను చూస్తుండేవాళ్ళం.

అందులో ఒక మసీదు గుమ్మటం, పక్కన ఖర్జూరపు చెట్టు, పొడుగు గౌనులో, ఇంటి తలుపు పట్టుకుని దారి చూస్తున్న ఆడమనిషి. దూరంగా తలపాగా సిపాయి, అతని కాలికి గొలుసు, ఆ గొలుసు కొస ఒక తెల్లదొర చేతిలో. పై వరసలో దేవుడి పేరు, దాని పక్కనే తుపాకి పారేసి మా వైపు రమ్మనే ఉర్దూ మాటలు.

మామయ్య తెల్లవాళ్ళ పటాలంలో చేరి ఆఫ్రికా ఎడారిలో రోడ్లు వేశాడు. సాయిబు సిపాయిల మనసు విరిచేందుకు జర్మనీ విమానం జారవిడిచిన కాగితాల్లో ఇదొకటి. దొరికినవి దొరికినట్టు కాల్చేయమని దొరల హుకుం, దాచుకుంటే శిక్ష. దేవుడి పేరున్నదాన్ని కాల్చడానికి మామయ్యకు చేతులు రాలేదు, ఇసుకలో బూట్ల కింద వదిలేయడానికీ మనసొప్పలేదు. ఊరు చేరాక పారే నీటికి అప్పజెబుతానని మొక్కుకుని తలపాగా మడతలో దాచుకున్నాడు. 1946లో వచ్చాడు గానీ, మొక్కు తీరలేదు. బీబమ్మత్త ఆ బొమ్మను వదల్లేదు.

"ఆ గౌనేందో, ఆ చెట్టేందో. సాయిబులంతా ఒకటే అనుకున్నాడు గీసినోడు. మనకాడ కోక గాదూ కట్టేది?" అని నవ్వేది. "చూపు మాత్రం నాదే. ఎట్టా తెలిసిందో."

1951 వేసవిలో మామయ్యకు విషజ్వరం పట్టింది. ఏ కషాయానికీ దిగలేదు. చెల్లించని మొక్కే పట్టి పీడిస్తోందని బీబమ్మత్తకు భయం పట్టుకుంది. ఇచ్చేద్దామంటే కాలవ కట్టేసి ఉంది, అడుగున బురద ఎండి పెళ్ళలు లేచింది. నిలవ నీటి బావిలో దేవుడి పేరు వేయరు. జూన్‌లో నీళ్ళు వదిలేదాకా ఆమె పొద్దున ఒకసారి, సందెవేళ ఒకసారి గట్టెక్కి చూసి వచ్చేది. వచ్చి ఆ బొమ్మ ముందు కూర్చునేది.

నీళ్ళు వచ్చిన రోజున బీబమ్మత్త పటం దించి ఒళ్ళో పెట్టుకుని కదలదు. మా నాయనమ్మ, మడి తప్పని మనిషి, తడిక పక్కకు తోసి వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళింది.

"ఒరే మస్తానూ, నీ మొక్కు పేరుకా, బొమ్మకా?"

"పేరుకేనమ్మా" అన్నాడు మామయ్య మంచం మీద నుంచే.

"మరి పేరు నీళ్ళకియ్యి. బొమ్మ దీనికుంచు."

"కత్తెర పెట్టొచ్చునా అమ్మా?"

"పేరు మీద పెట్టమన్నానా? కింద ఖాళీ జాగా కనబళ్ళా? కళ్ళుగూడా జ్వరానబడ్డయ్యా నీకు?"

నెలరోజుల్లో మామయ్య నవ్వడం అప్పుడే చూశాను. నమాజుకు ముందులా ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కుని ఉజూ చేసుకుని, తనే కత్తిరించాడు. పై వరసను మా పెరటి మల్లెలతో తెల్లగుడ్డలో చుట్టి బీబమ్మత్త కాలవకిచ్చింది, వెనక నాయనమ్మ, ఆవిడ కొంగు పట్టుకుని నేను. కొత్తనీరు ఎర్రగా, మట్టివాసనతో పరుగెడుతూ ఆ మూటను తీసుకుపోయింది. ఆ వారంలోనే జ్వరం దిగింది. మొక్కు వల్లనో, రోగం దాని గడువు తీరి పోయిందో నేను చెప్పలేను. ఆ తర్వాత మామయ్య ఇరవై రెండేళ్ళు బతికాడు.

కిందటేడు మనవరాలు నన్ను ఇక్కడే యుద్ధకాలపు చిత్రాల ప్రదర్శనకు తీసుకెళ్ళింది. గాజు వెనక అదే బొమ్మ, ఇంకో ప్రతి, పై వరస చెక్కుచెదరకుండా. గీసినవాడి పేరు తెలియదని పక్కన రాసి ఉంది. ఇప్పుడా తడిక లేదు, ఆ రెండిళ్ళూ లేవు, బీబమ్మత్త పోయాక మా బొమ్మ చెదలపాలైంది. పక్కింటి గుమ్మంలోకి వెళ్ళి మొక్కుకు దారి చెప్పే నాయనమ్మలూ లేరు. అయినా అక్కడ నిలబడితే నాకు దిగులు రాలేదు. శత్రువు పంపిన కాగితం నాకు ఇంత మంచివాళ్ళను చూపించి పోయింది.

గాజు వెనక ఆమె ఇంకా తలుపు పట్టుకుని దారి చూస్తూనే ఉంది. మా తడిక పక్కన మాత్రం, తల్లీ, నీ మనిషి తిరిగి వచ్చాడని మనసులోనే చెప్పి వచ్చాను.