నాలుగో లెక్క

2011 జూలై 17, ఆదివారం, సాయంకాలం ఐదుంబావు. ఉదయం నుండి విడువని ముసురు. మేడమీది నృత్యశిక్షణ గదిలో, పదవీ విరమణ చేసిన ఒక బస్సు డ్రైవరుకు జోడీగా దర్జీ పని చేసే ఆవిడను నిలబెట్టారు. జంటగా ఆడే లాటిన్ నృత్యాలలో కొత్తవారికి ముందుగా అక్కడ నేర్పేది బచాటా. పక్కకు మూడడుగులు వేసి, నాలుగో లెక్కకు కాలిని నేలకు ఊరికే తాకించి, అదే కాలితో తిరుగు అడుగు వేయాలి.

డ్రైవరు ముప్పై ఏళ్ల అలవాటుకొద్దీ నాలుగో లెక్కకు కుడికాలిని బ్రేకుమీద వలె అదిమేవాడు. ఒంటి బరువంతా దానిమీదనే నిలవడంతో, తరువాత ఎడమకాలు లేచి జోడీ వేళ్లను తొక్కేది. ఆ కారణంగానే ఆయనను రెండుసార్లు మొదటి తరగతికే తిప్పి పంపారు. ఈనాడూ తప్పితే ఇక మానివేయాలని నిశ్చయించుకొని, నిమిషానికొకసారి గడియారం వంకా తలుపు వంకా చూస్తున్నాడు.

“మూడోసారి తొక్కారు బాబాయిగారూ! రేపు నేను మిషను తొక్కాల్సింది ఈ కాలితోనే,” అన్నది ఆమె.

“నా వల్ల కాదులేమ్మా, వెళ్లిపోతా.”

“ఆగండి, అప్పుడే చెప్పుల కోసం చూపులు! బడి ముందు బస్సెలా నడిపేవారు?”

“బ్రేకు మీద కాలు ఆనించి ఉంచేవాణ్ణి. నొక్కేవాణ్ణి కాదు.”

“మరి ఇదీ బడే అనుకోండి.”

ఆయన పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. నాలుగో లెక్కకు కుడికాలు నేలను తాకి, తేలికగా లేచి, కుడివైపుకే సాగింది. ఆమె వేళ్లు క్షేమం.

ఆ సాయంత్రమే ఆయనను పై తరగతికి పంపారు. ఇద్దరూ నాలుగేళ్లు ప్రతి ఆదివారమూ కలిసి ఆడారు. తరువాత ఆమె మోకాలి నొప్పితో ఆట మాని, కొత్తవారికి కుర్చీలో కూర్చొని లెక్క చెప్పసాగింది. ఆయనకు పై తరగతిలో నేర్పే సల్సా నృత్యం మాత్రం ఎన్నటికీ పట్టుబడలేదు.