రెండోసారి పెట్టించిన వేలు

ఒక మాట ఏళ్ళ తరబడి నా గుండెల మీద కూర్చుని ఉంది. అబద్ధమైతే ఎప్పుడో కడుక్కునేదాన్నేమో. అది అబద్ధం కాదు. నిజమే చెప్పాను, ఆ నిజంతోనే ఒక మనిషిని ముంచాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలిసినవాళ్ళ ముందు నోరు పెగలదు కాబట్టి మీకు చెబుతున్నాను. దయచేసి ఓదార్చకండి. నాకు ఒళ్ళు మండిపోతోంది, అందరికంటే ముందు నా మీదే.

మాది ఒడిశాలోని బోరిగుమ్మలో కిరాణా హోల్‌సేలు దుకాణం. మామగారి తండ్రి పార్వతీపురం వైపు నుంచి వచ్చి పెట్టింది. ఆ ఇంట్లో కోడళ్ళకి గల్లాపెట్టె దగ్గర చోటు లేదు. వంట, వచ్చినవాళ్ళకి టీలు, అంతే. మా మరిది రాయగడలో ఫోన్ల షాపు పెట్టాక మా దుకాణం అరుగు మీద ఒక మూల సిమ్ముల బల్ల వేయించి నన్ను కూర్చోబెట్టాడు. ఆడమనిషైతే ఆడవాళ్ళు బెదరకుండా వస్తారని అతని ఆలోచన. అలాగే వచ్చారు. సంత రోజున ఆ బల్లనే తీసుకెళ్ళి సంతలో పెద్ద గొడుగు కింద వేసేవాళ్ళం. కొట్పాడ్ నుంచి, ఇంకా లోపలి ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు నా ముందు వరుస కట్టేవాళ్ళు. నన్ను నాని అని పిలిచేవాళ్ళు. వాళ్ళ మాటలో అక్క అని.

అప్పట్లో సిమ్ము కావాలంటే ఆధార్ నంబరు చెప్పి, చిన్న మిషను మీద వేలు పెడితే చాలు. కానీ కొట్పాడ్ నేతవాళ్ళతో ఒక చిక్కుండేది. నూలుకి ఎర్రరంగు ఎక్కించడానికి చెట్టు వేరు దంచుతారు. ఆముదం, పేడ, బూడిదనీళ్ళు పట్టించి ఆ నూలుని రోజుల తరబడి పిసుకుతారు. వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి. నిజంగానే మిషను ఒకసారికి తీసుకోదు. రేషను దగ్గరా, బ్యాంకులోనూ వాళ్ళకి అదే తంతు. వేలు పడలేదు, మళ్ళీ పెట్టు అంటారు. పెడతారు. ఎందుకని అడగరు. తప్పు తమ చేతిదే అనుకుంటారు.

మా మరిది పట్టుకున్నది ఆ అలవాటునే. వేలు మొదటిసారే పడినా పడలేదని చెప్పి ఇంకోసారి పెట్టించమన్నాడు. మొదటి దానికి ఆవిడ సిమ్ము ఆవిడకి. రెండో దానికి ఆవిడ పేరు మీదే ఇంకో సిమ్ము. అది నా బల్ల సొరుగులో పడేది. అక్కణ్ణించి బస్సులో రాయగడ వెళ్ళేది.

ఎందుకని అడిగాను. అడిగానని గొప్పగా చెప్పుకోవడం లేదు, అడిగి ఊరుకున్నాను. ఒకసారి రాయగడ వెళ్ళినప్పుడు షాపు వెనక గదిలో ఒక పెట్టె చూపించాడు. దాని నిండా సిమ్ములు గుచ్చి ఉన్నాయి, చిన్న చిన్న లైట్లు వెలిగి ఆరుతున్నాయి. ఏదో వెబ్‌సైటు ఉందట. సొంత నంబరు ఇవ్వడం ఇష్టం లేనివాడు అక్కడ కాస్త డబ్బు కట్టి ఒక నంబరు తీసుకుంటాడు. ఏదైనా యాప్‌లో ఖాతా తెరిచేటప్పుడు ఆ నంబరే ఇస్తాడు. ఓటీపీ ఈ పెట్టెలో ఉన్న సిమ్ముకి వస్తుంది, వెంటనే ఆ వెబ్‌సైటులో వాడికి కనిపిస్తుంది. ఖాతా తెరుచుకుంటుంది. ఆ తరవాత ఆ నంబరుతో వాడికి పని లేదు.

"ఏటి వదినా అలగ సూస్తావు. ఇయి వర్చువల్ నంబర్లు," అన్నాడు. "గాల్లో నంబర్లనుకో. ఈటెనకాల మనిసుండడు."

మనిషుండడట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది. ఎవరి చెంప? ఆ పెట్టెలో ఉన్న ప్రతి సిమ్ముకీ వేలు పెట్టిన మనిషి ఉంది, ఆ మొహాలు అతనికి తెలియకపోవచ్చు గాని నాకు తెలుసు, వాళ్ళ పిల్లల పేర్లు కూడా కొన్ని తెలుసు. అయినా అతని మాట నమ్మాను. నమ్మానా? లేదు. నమ్మితే హాయిగా ఉంటుందని నమ్మినట్టు ఉన్నాను. ఇంట్లో తిండికి లోటుండి చేశానా అంటే అదీ కాదు. ఒకరోజు మా అత్తగారు చుట్టాల ముందు "మా కోడలికి యాపారం వచ్చు" అంది. పెళ్ళయి వచ్చాక ఆ ఇంట్లో నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. దానికోసం చేశాను. ఇంత చవగ్గా అమ్ముడుపోయానని రాయడానికి సిగ్గేస్తోంది.

ఆ నంబర్లు కొనుక్కునేవాళ్ళందరూ దొంగలని నేననను. నంబరిస్తే వేళాపాళా లేకుండా ఫోన్లు చేసి వేధిస్తారని భయపడే ఆడపిల్ల కూడా ఉండొచ్చు. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. కానీ నీ పేరు దాచడానికి ఇంకో ఆడమనిషి పేరు బయటపెడుతున్నామని ఆ వెబ్‌సైటు ఆ పిల్లకి చెప్పిందా? ఎందుకు చెబుతుంది? నేను మాత్రం వాళ్ళకి చెప్పానా?

గురుబారి సంగతి చెప్పాలి. అది ఆవిడ అసలు పేరు కాదు. అసలు పేరు ఒకసారి వాడుకున్నాను, చాలు. కొట్పాడ్‌లో నేత పని. మొగుడు పోయాడు. ఒక్కతే కూతురు, రాయగడలో నర్సు ట్రైనింగులో చేరింది. ఆ పిల్లతో మాట్లాడటం కోసం ఫోను కొనుక్కుని సిమ్ముకి నా గొడుగు కిందకి వచ్చింది. వేలు మొదటిసారే పడింది. పడలేదన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది.

"నా సేతులే సెడ్డవి నాని," అంది సంతల్లో నేర్చుకున్న తెలుగులో. బోరింగు దగ్గరికి వెళ్ళి ఇసకతో వేళ్ళు రుద్ది కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చి, ఊపిరి బిగబట్టి మళ్ళీ పెట్టింది. పడిందన్నాను. పరీక్ష పాసైన పిల్లలా సంబరపడింది.

కొన్ని నెలలకి పోలీసులు ఆవిడ ఇంటికి వెళ్ళారు. ఎక్కడో దూరపు ఊళ్ళో ఎవడో దొంగ ఖాతా తెరిచి, ఒక అమ్మాయి ఫోటోలు పెట్టి రాయకూడని రాతలు రాశాడు. ఆ ఖాతాకి ఇచ్చిన నంబరు గురుబారి పేరు మీద ఉంది. సిమ్ము అమ్మింది నేను కాబట్టి నన్నూ స్టేషనుకి రమ్మన్నారు. భయపడి మరిదికి ఫోను చేశాను. ఆ రెండో సిమ్ము తీసి నాగావళిలో పారేశానన్నాడు. "నువ్వేటీ కల్పించక్కర్లేదు వదినా. రెండుసార్లు ఏలు ఎట్టిందా లేదా, అదొక్కటే సెప్పు," అన్నాడు.

స్టేషనులో గురుబారి గోడవార నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. తనవాళ్ళెవరో వచ్చినట్టు ఆ మొహం విప్పారింది.

"నాని వచ్చింది బాబూ, ఇంక నాని సెప్తది," అంది ఇన్‌స్పెక్టరుతో. నా వైపు తిరిగి, "నాకు ఒకటే కదా నాని ఇచ్చేవు. సెప్పు," అంది.

ఆయన నన్ను ఒడియాలో అడిగాడు, రెండు సిమ్ములకీ వేలు పెట్టింది ఈవిడేనా అని.

"రెండుసార్లు పెట్టింది సార్," అన్నాను.

ఆయన ఆవిడని అడిగాడు, రెండుసార్లు పెట్టావా అని.

"పెట్టేను బాబూ," అంది, క్షణం కూడా ఆలోచించకుండా. "ముందర పడలేదు. నాని మల్లీ పెట్టమంది. నాని ఇసుక్కోలేదు, మంచిది."

కంప్యూటరులో రెండుసార్లూ పడినట్టే ఉంది, పడలేదని ఎందుకంటున్నావు అన్నాడాయన. అప్పుడావిడ నా మొహంలోకి చూసింది. నేను బల్ల మీద నీళ్ళ గ్లాసు వైపు చూశాను. ఆ క్షణాన ఒక్క మాట అంటే సరిపోయేది. పడింది సార్, పడలేదని నేనే చెప్పాను అని. నోట్లో ఆ మాట తిరిగింది కూడా. మా ఇల్లు, మా దుకాణం, అత్తగారి మెప్పు, మరిది, పిల్లలు, అందరూ నా నాలుక మీద కూర్చున్నారు. కాదు. వాళ్ళనెందుకు అంటాను? నేనే మింగాను.

జైల్లో పెట్టలేదులే అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. ఎంత గొప్ప ఊరట. ఫోను తీసేసుకున్నారు. ప్రతి సంత రోజునా వచ్చి స్టేషనులో కనబడి వెళ్ళమన్నారు, అంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ చూసే రోజున. తల్లికి ఫోను కలవక, ఊరివాళ్ళ ద్వారా సంగతి తెలిసి, హాస్టల్లో నలుగురూ నాలుగు రకాలుగా అంటుంటే తట్టుకోలేక, ఆ పిల్ల ట్రైనింగు మధ్యలో మానేసి వచ్చేసింది. ఆ దొంగ ఖాతా తెరిచినవాడు ఎవడో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. మా మరిది రాయగడలో మేడ కట్టాడు, అమ్మవారి పండక్కి పెద్ద చందా రాస్తాడు, అందరూ అతన్ని పెద్దమనిషంటారు. నేను సిమ్ముల బల్ల తీసేసి ఇంట్లోకి వెళ్ళిపోయాను. "అలిసిపోనాది పాపం," అంది మా అత్తగారు.

గురుబారి ఎప్పుడూ వచ్చి నన్ను నిలదీయలేదు. సంతలో ఎదురైతే పక్కకి తప్పుకుని పోతుంది. జుట్టు పట్టుకుని నలుగురిలో నిలబెట్టి ఉంటే నేనేమయ్యేదాన్నో. ఆవిడ అలా చేయదని తెలిసే కదా ఆ రోజు అంత ధైర్యంగా నోరు మూసుకున్నాను.

ఆ కూతురికి పెళ్ళయి ఇప్పుడు బోరిగుమ్మలోనే ఉంటోంది. మొన్న మా వీధిలో రేషను ఇస్తున్నారు. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని వరుసలో నిలబడింది. వేలు పెట్టింది. పడలేదు, మళ్ళీ పెట్టమన్నాడు రేషను డీలరు. అతను నిజమే చెప్పాడు. తల్లితో పాటు ఇప్పుడు ఆ పిల్లా రంగు పని చేస్తుంది, వేళ్ళు అలాగే ఉన్నాయి.

"ఒకసారి పెట్టేను. రెండోసారి పెట్టను," అంది.

వెనకవాళ్ళు విసుక్కున్నారు. ఒకాయన, దీని తల్లి సంగతి తెలీదేటి అని నవ్వాడు. ఆ పిల్ల ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, బియ్యం తీసుకోకుండానే వెళ్ళిపోయింది. నేను మా అరుగు మీద నిలబడి చూశాను. నవ్వినవాడి మీద ఒళ్ళు మండింది. మండి ఏం చేశాను? లోపలికి వచ్చేశాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఇదైనా పేరు పెట్టి రాస్తున్నానా? లేదు. ఆ వెబ్‌సైటులో నంబరు కొనుక్కునేవాడికీ నాకూ తేడా ఏమిటో మీరే చెప్పండి. స్టేషను మా ఇంటికి దగ్గరే, నడిచి వెళ్ళొచ్చు. వెళతానని మాట ఇవ్వను, ఇప్పటిదాకా వెళ్ళని మనిషి మాటకి విలువేముంది. ఇది రాసినంత మాత్రాన నేను మంచిదాన్ని అయిపోననీ తెలుసు. కానీ నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ మింగిన మాట ఒకటుంది. దాన్ని ఒక్కసారి బయటికి అనకపోతే నాకు ఊపిరాడదు.

ఒకటే తీసుకున్నావు గురుబారీ. రెండోది నేను తీసుకున్నాను.