బ్రేకు తొక్కితే ఆగిపోయే బండి

మొన్న కంటి ఆస్పత్రికి పోవడానికి పిలిపించుకున్న టాక్సీ కరకంబాడి రోడ్డు సిగ్నల్ దగ్గర నిలబడగానే ఇంజను చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. నా చేతులు వాటంతటవే ముందు సీటును పట్టుకున్నాయి. ఇక వెనకనుంచి హారన్లు మొదలవుతాయని భయపడుతూ డ్రైవరు వైపు చూశాను. అతను నింపాదిగా ఫోను చూసుకుంటున్నాడు. "బండి ఆగిపోయిందప్పా" అన్నాను. "ఈ బండ్లు అంతేమా. సిగ్నల్ పడితే అవే ఆగతాయి, మళ్లా అవే లేస్తాయి. పెట్రోలు మిగలాలని" అన్నాడు. పచ్చ లైటు పడింది, కారు కదిలింది. నేను మాత్రం ఆస్పత్రి చేరేదాకా మా పాత కారులోనే కూర్చుని ఉన్నాను.

ఆ కారు మా ఆయనది. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆయనే. నేను గేరు మార్చిన ప్రతిసారీ కళ్లు మూసుకుని గోవిందా అనేవారు. ఆయన పోయాక ఆ కారే నన్ను ఇంట్లోంచి బయటికి లాగింది. మాకు పిల్లలు లేరు. కూరగాయలకని, లైబ్రరీకని, ఏదో ఒక వంక పెట్టుకుని తాళాలు తీసుకునేదాన్ని. అలాంటిది ఒక వానాకాలంలో అది మొరాయించడం మొదలుపెట్టింది. రోడ్డు మీద బాగానే పరుగెత్తేది. సిగ్నల్ దగ్గర ఆపబోతే చలిజ్వరం వచ్చిన మనిషిలా వణికి, ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయేది. ఒక పెళ్లికి పోతుంటే పూతలపట్టు కూడలిలో బండి స్టార్టయిన ప్రతిసారీ మళ్లీ ఆగిపోయి, వెనక బస్సువాళ్లు దిగి తోసి పక్కన పెట్టేదాకా నా మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, ఫిల్టర్లు మార్చాడు, చివరికి "స్లో తక్కువ ఉండాదిమా, పెంచినా. ఇంక ఆగదు" అన్నాడు. ఆ స్లో, అంటే బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను తిరిగే వేగం, పెంచడంతో నిలబడిన చోట ట్రాక్టరులా అరుస్తూ కొన్నాళ్లు నడిచి, మళ్లీ మొదటికొచ్చింది. ముందు చిత్తూరు పోవడం మానేశాను. తర్వాత మార్కెట్టు, ఆ తర్వాత లైబ్రరీ. కొన్ని సాయంత్రాలు గేటు లోపలే బండి స్టార్ట్ చేసి కూర్చునేదాన్ని. ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉంటుందని.

ఈ సంగతి ఫోనులో విన్న మా తోడికోడలు, అంటే మా మరిది భార్య, ఒక సంచీతో చిత్తూరునుంచి బస్సులో దిగింది. మా మరిది అప్పటికి చాలా ఏళ్ల కిందటే పోయాడు. ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయిన మనిషి. అవతలి గొంతు వింటే జలుబో, అబద్ధమో చెప్పగలనని గొప్పలు పోయేది. ఒకే ఇంటి కోడళ్లమైనా మేమిద్దరం పెళ్లిళ్లలోనూ తద్దినాల్లోనూ కలవడమే తప్ప, ఒక పూట విడిగా కూర్చుని మాట్లాడుకున్నది లేదు. వచ్చిన రోజు కాళ్లు కడుక్కుంటూనే "యాడుండాదక్కా నీ బండి? నేను వినల్ల" అంది.

అప్పటినుంచి అదే మా పని. పొద్దున చల్లటి ఇంజనుతో ఒకసారి, ఎండలో తిరిగొచ్చాక ఒకసారి, ఏసీ వేసి, ఏసీ ఆపి, లైట్లు వేసి, రకరకాలుగా ఆ కారును పరీక్షించాం. ఆమె పక్క సీట్లో కళ్లు మూసుకుని కూర్చునేది. నేను ఏదైనా అనబోతే వేలు చూపించి ఆపేది. ఇంటికొచ్చి సంగటి, పప్పుచారు వడ్డించుకుని కారు గురించి వాదించుకునేవాళ్లం. మాట కారుతో మొదలై మా అత్తగారి మీదికీ, అక్కణ్నుంచి ఎవరికీ చెప్పుకోని వాటి మీదికీ పోయేది. మా మరిది పోయిన కొత్తలో ఆమె ఎవరూ లేని తన ఇంటికి తానే ఎక్స్ఛేంజినుంచి ఫోను చేసి, అది మోగుతుంటే వింటూ కూర్చునేదట. ఆ మాట చెప్పి, మజ్జిగ వేసుకుంది. నేను ఊరగాయ ఆమె వైపు జరిపాను.

ఒక మధ్యాహ్నం చంద్రగిరి దాటాక ఖాళీ రోడ్డు పక్కన బండి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేయబోతుంటే ఆమె కళ్లు తెరిచింది.

"అక్కా, బ్రేకు మీదనుంచి కాలు తీసేయ్. హ్యాండ్ బ్రేకు మీద నిలబెట్టు."

అలాగే పెట్టి స్టార్ట్ చేశాను. బండి వణికింది కానీ ఆగలేదు.

"ఇప్పుడు కాలుతో తొక్కు."

తొక్కాను. నా పాదాల దగ్గర స్స్ మని గాలి పీలుస్తున్న శబ్దం, వెంటనే ఇంజను చచ్చిపోయింది. మళ్లీ చేశాం, మళ్లీ అంతే. "సూడు, ఇది నిలబడినందుకు ఆగడంలేదు. నువ్వు బ్రేకు తొక్కినందుకు ఆగతా ఉండాది" అంది.

మెకానిక్ ఈ ముక్క వినగానే బానెట్ ఎత్తి, ఇంజనునుంచి కాలి బలానికి సాయపడే బ్రేకు బూస్టరుకు పోయే రబ్బరు పైపును గుడ్డ చుట్టిన పటకారుతో నొక్కి పట్టి, నన్ను బ్రేకు తొక్కమన్నాడు. వణుకు ఆగిపోయింది. నెలల తర్వాత ఇంజను ఒకే గొంతుతో పాడింది. "బూస్టరు లోపల రబ్బరు చినిగిపోయిందిమా. బ్రేకు తొక్కినప్పుడల్లా ఇంజనులోకి గాలి పోతా ఉండాది. ఇంకొన్నాళ్లు తిప్పుంటే బ్రేకే రాయి మాదిరి అయిపోయేది. తొక్కినా నిలబడేది కాదు" అన్నాడు. మా తోడికోడలు నా చెయ్యి పట్టుకుంది. అతను బానెట్ మూసి వెళ్లినా వదల్లేదు.

బూస్టరు మార్చిన మర్నాడే ఆమె సంచీ సర్దింది. "ఇంకో నాలుగు దినాలు ఉండు మే" అన్నాను.

"ఉంటే అలవాటైపోతాదక్కా" అంది నవ్వుతూనే. "మళ్లా ఆడికి పోయి ఒక్కదాన్నే ఉండల్ల గదా."

చిత్తూరులో నేనే దింపి వచ్చాను. దారిలో బండి ఎక్కడా ఆగలేదు. పూతలపట్టు కూడలిలో కూడా అది అంత బుద్ధిగా నిలబడితే నాకు కోపం వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు పక్క సీటు వైపు చూడకుండా నడిపాను.

కొంతకాలానికి ఆమె శ్రీ సిటీ దగ్గర ఫ్యాక్టరీ ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుగా వెళ్లింది. ఒకసారి చూడటానికి పోతే చుట్టూ పిల్లలు, ఒకరికి తలనొప్పి, ఒకరికి ఇంటి బెంగ. వాళ్ల గొంతులు వింటూ సంతోషంగా ఉంది. ఆదివారాల ఫోన్లు పండగల ఫోన్లయ్యాయి. నాకు చూపు మందగించాక కారు అమ్మేశాను.

ఆ వానాకాలమంతా బండి ఎప్పుడు బాగవుతుందా, నా రోజులు మళ్లీ ఎప్పుడు మొదలవుతాయా అని ఎదురుచూశాను. నా రోజులంటే అవేనని, అప్పుడే నడిచిపోతున్నాయని, ఆమె పక్కనే కూర్చున్నా నాకు వినపడలేదు.