సెట్టు మాత్రలు మందనుకోలేదు

ఇది రాయక తప్పడం లేదు. మర దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు బియ్యం డబ్బా దింపకముందే నా మోకాలి వంక చూస్తున్నారు. "మీ రక్తమే తీసి మీ మోకాల్లో ఎక్కించారటగా పిన్నిగారూ, పనిచేసిందా?" అని అడుగుతున్నారు. మిషను చప్పుడులో అంత కథ ఎక్కడ చెప్తాను? "లేదమ్మా" అనేసి ఊరుకునేదాన్ని. ఆ మాట పట్టుకుని వినగడపలో ఒకావిడ విజయవాడ డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేసిందని తెలిసింది. "కారం మర ఆవిడ అంత చదువుకున్న మనిషి, ఆవిడకే పనిచేయలేదంటే అదంతా మోసమే" అందట. నేను అబద్ధం చెప్పలేదు. అయినా ఆ ఒక్క మాటలో సగం సంగతి దాచేశాను. ఆ సగం ఇక్కడ రాస్తున్నాను.

చదువుకున్న మనిషినని వాళ్ళంటారు గానీ నేను బడికి వెళ్ళింది ఏడో తరగతి వరకే. మిగతాదంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో చదివాను. పెళ్ళయి తిరువూరు వచ్చిన కొత్తలో కరెంటు పోయినప్పుడల్లా మర ఆగిపోయేది. ఆ ఖాళీలో వెళ్ళి కూర్చునేదాన్ని. పేపరుతో మొదలుపెట్టి, నవలలు అయ్యాక, ఎవరూ తియ్యని బీరువాలోని విజ్ఞాన శాస్త్రాల దాకా వెళ్ళాను. గుండెకు ఎన్ని గదులో, భూమి ఎందుకు ఒరిగి తిరుగుతుందో నాకు తెలుసు. మా ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. ఈ గర్వం నాకుంది. దాచుకోను. దీనివల్లే ఈ కథ ఇలా జరిగింది కూడా.

ముందు వైపు కిరాణా కొట్టు మా ఆయన చూస్తారు. వెనక రేకుల షెడ్డులో రెండు మిషన్లు, ఒకటి పిండికి, ఒకటి కారానికి, అవి నేను చూసేదాన్ని. పిండిమర దగ్గర స్టూలు వేసుకుని కూర్చోవచ్చు. కారం మిషను అలా కాదు. రెండు మెట్లెక్కి గరాటులో మిర్చి పోయాలి, కర్రతో కదపాలి, దిగి కింద పడే కారం వేళ్ళతో నలిపి చూడాలి, మళ్ళీ ఎక్కాలి. మాఘమాసం వెళ్ళాక మొదలైతే ఎండలు ముదిరేదాకా రోజూ ఇదే. వచ్చిన ఆడవాళ్ళు తమ మిర్చి పక్కన కాపలా నిలబడతారు. ముందు ఆడించినావిడ కారం ఒక్క చెంచా తమదాంట్లో కలిసినా ఊరుకోరు. అందుకని ప్రతిసారీ గుప్పెడు మిర్చి వేసి మిషను దులిపి, తర్వాతే అసలు సరుకు పోస్తాను. ఆ గుప్పెడు కోసం రెండు మెట్లు అదనం.

నాలుగేళ్ళుగా కుడి మోకాలు ఆ మెట్ల మీద మొరాయిస్తోంది. పోయిన కార్తీకంలో మా ఆయన గట్టిగా చెప్పేశారు.

"గంపలగూడెం అతను మిషను అమ్ముతారా అని మళ్ళీ ఫోను చేశాడు. ఈ సీజను నువ్వు నిలబడగలిగితే ఉంచుదాం. లేకపోతే ఇచ్చేద్దాం."

"ఇచ్చేసి నేనేం చెయ్యాలి?"

"గ్రంథాలయంలో కూర్చో. ఎలాగూ నీ పుట్టిల్లు అదేగా."

ఆ మాటకి నవ్వాను గానీ లోపల గుచ్చుకుంది. నన్ను ఈ ఊరు ఎరిగింది ఆ మిషనుతోనే. మాఘానికి మోకాలు బాగుపడాలి. అంతకుమించి నాకేమీ వద్దు.

అప్పుడే పేపరు ఆరోగ్యం పేజీలో ఈ చికిత్స గురించి చదివాను. మన చేతి నుంచి రక్తం తీసి, గిరగిర తిప్పే యంత్రంలో పెడతారు. ఎర్ర కణాలు అడుక్కి పోతాయి. పైన తేలిన పసుపుపచ్చ ద్రవంలో రక్తఫలకికలు ఎక్కువగా ఉంటాయి. డెంగ్యూ వచ్చినప్పుడు ప్లేట్‌లెట్లు పడిపోయాయని అందరూ అంటారే, అవే ఇవి. దెబ్బ తగిలిన చోట రక్తం గడ్డకట్టించి, మరమ్మతు పనికి పిలుపునిచ్చేవి అవి. వాటిని మోకాల్లోకి ఎక్కిస్తే అరిగినచోట నొప్పి తగ్గుతుందని ఆశ. పాత జీవశాస్త్రం పుస్తకం తీయించుకుని రక్తం అధ్యాయమంతా మళ్ళీ చదివాను. గ్రంథాలయం మేడమ్ నా మోకాలు చూసి పుస్తకం తనే తెచ్చి బల్ల మీద పెట్టింది. "పరీక్ష రాస్తారా ఏంటి పిన్నిగారూ?" అంది. "రక్తపరీక్షమ్మా" అన్నాను.

విజయవాడలో డాక్టరు కుర్రవాడే, ఓపికమంతుడు. ఎక్స్‌రే లైటు ముందు పెట్టి, రెండు ఎముకల మధ్య సందు ఎక్కడ సన్నబడిందో చూపించాడు. "గుజ్జు అరిగిందంటారు, అదేనా?" అని మా ఆయన అడిగితే, "మృదులాస్థి అండి" అని నేను సరిదిద్దాను. డాక్టరు నా వంక చూసి నవ్వాడు.

"మీరు టీచరా అమ్మా?"

"కారం మర సార్."

ఇది అందరికీ పనిచేయదని, బాగా అరిగిపోయిన వాళ్ళకి లాభం తక్కువని, నాది మధ్యరకమని, నెలా రెండు నెలల దాకా ఫలితం తెలియదని ముందే చెప్పాడు. తర్వాత అడిగాడు, "ఏమైనా మందులు వాడుతున్నారా?"

"బీపీకి పొద్దున ఒకటి సార్."

"నొప్పి మాత్రలు?"

"అబ్బే, నేను వాడను. కడుపుకీ కిడ్నీలకీ మంచివి కావని చదివాను."

"మంచిది. ముందు రెండు వారాలూ, తర్వాత కొన్ని వారాలూ అసలు వద్దు. దెబ్బ తగిలితే ఒళ్ళు చేసుకునే మరమ్మతునే మనం మోకాల్లో రప్పించాలని చూస్తున్నాం. ఆ మాత్రలు దాన్ని అణిచేస్తాయి. మరీ ఓర్చుకోలేకపోతే ఈ పారాసిటమాల్ ఒక్కటి వేసుకోండి." వేసుకోకూడని మాత్రల పేర్లు అచ్చేసిన కాగితం కూడా ఇచ్చాడు. తిరుగు బస్సులో మైలవరం దాటేదాకా నేను మా ఆయనకి రక్తఫలకికలు నొప్పి మాత్రలకి ఎందుకు లొంగిపోతాయో పాఠం చెప్పాను. ఆయన ఎ.కొండూరు రాకముందే నిద్రపోయారు.

ఇప్పుడు సెట్టు గురించి చెప్పాలి.

మా వైపు పనిచేసే ఒళ్ళున్న ప్రతి ఇంట్లోనూ సెట్టు ఉంటుంది. మెడికల్ షాపుకి వెళ్ళి "ఒక ఒళ్ళునొప్పుల సెట్టివ్వు" అంటే, ఓ తెల్ల మాత్ర, ఓ పసుపు మాత్ర, ఓ గులాబీరంగు బిళ్ళ కత్తిరించి చిన్న కాగితం కవరులో వేసి ఇస్తారు. పేరు అడిగేవాళ్ళు లేరు. పత్తి తీసినవాళ్ళూ, నాట్లేసినవాళ్ళూ, బస్తాలు మోసినవాళ్ళూ సాయంత్రం టీతో పాటు అది మింగుతారు. నేనూ అంతే, పదేళ్ళకి పైగా. మందంటే డాక్టరు చీటీ రాసేది. సెట్టు అంటే అలుపు తీరడానికి వేసుకునేది. డాక్టరు అడిగినప్పుడు అది నా తలలోకే రాలేదు. మీరేం తింటారని అడిగితే తాంబూలం చెప్పం కదా, అలాగే.

రెండు వారాలయ్యాక మళ్ళీ వెళ్ళాను. రక్తం తీశారు. యంత్రం ఎన్ని నిమిషాలు తిరుగుతుందని అడిగితే నర్సు, "కారం ఆడినంతసేపు పట్టదులే అమ్మా" అంది. సూది దిగినప్పుడు మోకాలి నిండా ఏదో బరువుగా పరుచుకున్నట్టయింది. ఇంటికొచ్చాక నాలుగు రోజులు కాలు కింద పెట్టనివ్వలేదు. అయినా ఆ పారాసిటమాల్ ఒక్కటీ ముట్టలేదు. "ఓర్చుకుంటున్నాను, పని జరుగుతున్నట్టే లెక్క" అని పరామర్శకి వచ్చినవాళ్ళకి గొప్పగా చెప్పాను. ఆ నాలుగు సాయంత్రాలూ టీతో పాటు సెట్టు వేసుకున్నాను. ఆ ముందు రెండు వారాలు కూడా.

నెల దాటింది. నెలన్నర అయింది. మోకాలు ఎప్పటిలాగే ఉంది. ఒకరోజు మెడికల్ షాపతను కవర్లు అయిపోయాయని మాత్రలు కత్తిరించకుండా పట్టీలే చేతిలో పెట్టాడు. గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని, అచ్చు కనిపిస్తే చదవడం అలవాటు కాబట్టి, పట్టీ వెనక చదివాను. డైక్లోఫెనాక్. డాక్టరు ఇచ్చిన కాగితం నా చేతిలోని పుస్తకంలోనే ఉంది, ఎక్కడిదాకా చదివానో గుర్తుగా. దాంట్లో మూడో వరసలో అదే పేరు.

వెనక్కి వెళ్ళి షాపతన్ని అడిగాను, "ఏం బాబూ, సెట్టులో నొప్పి మాత్ర వేస్తున్నావా?"

"అదేంటి పిన్నిగారూ, నొప్పుల సెట్టులో నొప్పి మాత్ర కాక పిప్పరమెంటు వేస్తానా?"

"ఎప్పట్నుంచి?"

"మా నాన్న ఉన్నప్పట్నుంచి. ఓసారి తెల్లది లేకుండా ఇస్తే, నిన్నటి సెట్టు పనిచేయలేదని మీరే తిట్టిపోశారు." మళ్ళీ తనే అన్నాడు, "లైబ్రరీలో లోకమంతా చదువుతారు, చేతిలో పట్టీ చదవలేదా మీరు?"

ఇంటికొచ్చి కొట్లో పంచదార డబ్బా మీద కూర్చున్నాను. మా ఆయనకి చెప్తే, "డాక్టరుకి చెప్పకు. విసుక్కుని ఇక చూడనంటాడు" అన్నారు. రెండు రోజులు నేనూ అదే అనుకున్నాను. చెప్పకపోతే సిగ్గుపడే పని తప్పుతుంది. కానీ మాఘం దగ్గరికొచ్చేసింది, మోకాలి సంగతి ఏదో ఒకటి తేలాలి.

ఆ బస్సు ప్రయాణమంత అలసట నాకు ఇంకెప్పుడూ కలగలేదు. డాక్టరు ముందు పట్టీలు పెట్టాను. ఆయన వాటిని వేలితో అటూ ఇటూ జరిపి పేర్లు చదివాడు.

"రోజూనా?"

"రోజూ సార్. ఇది మందనుకోలేదు."

తిడతాడనుకున్నాను. తన కాగితాల మీద ఏదో రాసుకుని, "ఇకనుంచి మీ వైపు వాళ్ళని సెట్టు వాడతారా అని విడిగా అడగాలి. తప్పు నాదీ ఉందమ్మా" అన్నాడు. కిడ్నీ పరీక్ష చేయించాడు. క్రియాటినిన్ అనే మాట, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఎ.కొండూరు వైపు తండాల నుంచి మరకి వచ్చే ఆడవాళ్ళ నోట చాలాసార్లు విన్నాను. నా కాగితం మీద చూడటం అదే మొదలు. ఇంకా హద్దు దాటలేదట, అంచున ఉందట. సెట్టు ఆ రోజే బంద్.

"మరి ఇంజెక్షను పాడైపోయినట్టేనా సార్?"

"మాత్రల వల్ల చెడిందని చెప్పలేను. మాత్రలు లేకపోతే పనిచేసేదనీ చెప్పలేను. మూడు నెలలు సెట్టు లేకుండా ఉండండి. అప్పటికి కిడ్నీలు బాగుండి, మీకు ఇష్టమైతే మళ్ళీ ఆలోచిద్దాం."

మూడు నెలలంటే సీజను అయిపోతుంది. ఆ లెక్క చెయ్యడానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు.

అయినా మాఘం వెళ్ళాక మిషను శుభ్రం చేశాను. మొదటి రోజు పొద్దున్నే ఎ.కొండూరు నుంచి ఒకావిడ రెండు బస్తాల మిర్చితో ఆటో దిగింది. సెట్టు లేకుండా నేను మెట్లెక్కడం పదేళ్ళలో అదే మొదలు. నా మోకాలు అసలు ఎంత నొప్పిగా ఉందో నాకు ఆ పొద్దున తెలిసింది. ఇన్నాళ్ళూ సాయంత్రం టీ దాన్ని నాకు తెలియనివ్వలేదు. పదకొండు కాకముందే రెండో మెట్టు మీద కూలబడ్డాను. గరాటులో మిర్చి సగం ఉంది.

"దిగండి పిన్నిగారూ" అంది ఆవిడ, కొంగు ముక్కుకి కట్టుకుంటూ. "నా మిర్చి నేను పోసుకోలేనా?"

"మిషను అలవాటు లేనివాళ్ళు ఎక్కకూడదమ్మా."

"మీకు అలవాటుండి ఏం చేశారు, కూర్చున్నారుగా."

ఆవిడే ఎక్కి పోసింది. నేను కింద కూర్చుని కారం నలిపి చూశాను. ఇంకా రెండు రోజులు అలాగే వచ్చినవాళ్ళ చేత పోయించాను. మూడో రోజు ఒకావిడ కొంగు బెల్టు పక్కనుంచి గాలికి ఎగిరింది. ఏమీ కాలేదు. నేను మాత్రం అప్పుడే మిషను ఆపేశాను. మా ఆయన్ని పిలిచి, "గంపలగూడెం అతనికి ఫోను చెయ్యండి" అన్నాను. ఆయన "ఇంకో వారం చూద్దామే" అన్నారు. ఆయన అలా అంటారని నేను అనుకోలేదు. "వద్దు, చెయ్యండి" అన్నాను.

నాలుగు రోజుల తర్వాత మిషను ట్రాలీ ఆటోలో వెళ్ళిపోయింది. సిమెంటు గచ్చు మీద నాలుగు బోల్టు గుంటలు మిగిలాయి. ఇప్పుడు పిండిమర పక్కన స్టూలు మీద కూర్చుంటున్నాను. నొప్పి ఉంది, ఉన్నంతే ఉంది. రెండో ఇంజెక్షను వేయించుకుంటానో లేదో ఇంకా తేల్చుకోలేదు. వెళ్ళాలనుకునేవాళ్ళు వెళ్ళండి, నా మాట మీద మానుకోకండి. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, పేరున్నవీ లేనివీ, సంచిలో వేసుకెళ్ళి బల్ల మీద పెట్టండి.

సాయం చేసినవాళ్ళకి దండం పెట్టాలి. పేర్లు రాస్తే నొచ్చుకునేవాళ్ళున్నారు కాబట్టి రాయను, ఎవరికి వారికి తెలుస్తుంది. బరువు పుస్తకాలు బల్ల దాకా మోసిన గ్రంథాలయం మేడమ్‌కి. విసుక్కోకుండా తన తప్పు కూడా ఒప్పుకున్న డాక్టరు గారికి. ఇప్పుడు నేను బతిమాలినా సెట్టు ఇవ్వనంటున్న మెడికల్ షాపతనికి. కొంగు ముక్కుకి కట్టుకుని మెట్లెక్కిన ఎ.కొండూరు ఆవిడకి. ఇంకో వారం చూద్దామన్న మా ఆయనకి. ఆ చివరిసారి విజయవాడ నుంచి తిరిగొస్తుంటే, బస్టాండులో నేను ఒంటికాలి మీద మెల్లగా దిగేదాకా విజిలు వెయ్యకుండా ఆగిన కండక్టరుకి.