కొయ్యని పేజీల పుస్తకం

నాగలమడిక ఆడపిల్లల బడికి నన్ను పంతులమ్మగా వేసినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. పావగడలో పుట్టి, పన్నెండేళ్లకు పెళ్లయి, పదిహేనేళ్లకు మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని. మా నాయన ఊరివాళ్ల మాటలు చెవిన పెట్టకుండా నన్ను తుమకూరుకు పంపి ట్రైనింగ్ చదివించినాడు. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాదే ఆయనా పోయినాడు. ఎద్దులబండిలో ఒక ట్రంకు పెట్టెతో ఆ ఊళ్లో ఒక్కదాన్నే దిగినాను. యుద్ధకాలం అది.

విధవకు ఇల్లివ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. పొద్దున్నే ఎదురుపడితే మంచిది కాదు కదా. చివరికి తాలూకా అధికారం చేసి పెన్షను తీసుకుంటున్న పాత అమల్దారు ఒకాయన తన ఇంట్లో పక్కగది ఇచ్చినాడు. ఆయనకు భార్య పోయింది. కొడుకు మైసూరులో ఉద్యోగం. కండ్లకు పొర కమ్మి, ఎండా నీడా తప్ప ఆయనకింకేమీ తెలిసేది కాదు. ముసలి వంటామె రెండు పూటలా వచ్చి ఆయనకు వండిపెట్టి పోయేది. ఆయన పడుకునే హాలుకూ నా గదికీ మధ్య ఒక మట్టిగోడ. వాకిట్లో ఇద్దరికీ కలిపి ఒకే అరుగు.

బడి ఉన్నంతసేపు బాగుండేది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు కన్నడ పాఠాలు చెప్పడం, వాళ్లు తప్పు పలికి నవ్వడం, నేనూ నవ్వడం. గంట కొట్టినాక ఊరు మూసుకునేది. పినాకిని ఏటి ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తోడుకునే ఆడవాళ్లు నన్ను చూస్తే బిందె ఎత్తుకుని కొంచెం జరిగేవాళ్లు. తిట్టినవాళ్లు లేరు, పలకరించినవాళ్లూ లేరు. అందుకని అందరూ పోయినాకనే నేను పోయేదాన్ని. ఆదివారాలైతే సాయంత్రం దాకా నోరు తెరిచే పనే ఉండేది కాదు. సోమవారం పొద్దున పిల్లలకు నమస్కారం చెప్పేటప్పుడు నా గొంతు నాకే ఎవరిదో అనిపించేది.

ఒక సాయంత్రం అమల్దారు గారు అరుగు మీదినుంచి పిలిచినాడు.

"పంతులమ్మా, నీకు ఇంగ్లీషు చదవనొస్తాదా?"

"కూడబలుక్కుని చదువుతానయ్యా. అర్థం సగం తెల్దు."

"అర్థం నేను చెప్తా. నువ్వు చదివితే చాలు."

లోపలినుంచి తడుముకుంటా పోయి ఒక పుస్తకం తెచ్చినాడు. ఇటుకంత మందం, తోలు అట్ట, అంచుల్లో బంగారు గీతలు. ఉత్తర ధ్రువం దిక్కు సముద్రంలో ఒక ఓడ చేసిన ప్రయాణం కథ అది. ఆ ఓడలో పోయివచ్చినవాడే రాసినాడంట. అమల్దారు గారు బెంగళూరులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఒక దొర చచ్చిపోతే సామాన్లు వేలం వేసినారంట. అందరూ కుర్చీలూ గడియారాలూ పాడుకుంటే ఈయన ఈ పుస్తకం పాడుకున్నాడు.

"ఉద్యోగం అయినాక తీరిగ్గా చదువుకుందామని పెట్టుకున్నా. తీరిక వచ్చినాది. కండ్లు పోయినాయి," అన్నాడు.

తెరిచి చూస్తే పేజీలు విడిపోలేదు. పాతకాలం పుస్తకాలు అట్లే వచ్చేవంట, అంచులు మడతలతోనే. చదివేవాడే చాకుతో కోసుకుంటా పోవాల. దొరా కొయ్యలేదు, ఈయనా కొయ్యలేదు. అచ్చయిన నాటినుంచి దాన్ని ఒక్కరూ చదవలేదన్నమాట. మొదటి మడత నేనే కోసినాను. చాకు కింద కాగితం సర్రుమనింది, సన్నని దుమ్ము నా ఒళ్లో రాలింది.

ఆ పొద్దునుంచి బడి కాగానే కాళ్లూ మొగమూ కడుక్కుని అరుగు మీదికి వచ్చేదాన్ని. ఎండ దిగేదాకా చదివేదాన్ని. నేను తప్పు పలికితే దిద్దేవాడు. కష్టమైన మాట వస్తే, "అంటే గడ్డకట్టిన నీళ్లు కదులుతాండాయని," అని తెలుగులో చెప్పేవాడు. మంచుగడ్డ నేను చూడలేదు. ఆయన బెంగళూరులో ఒకసారి పట్టుకున్నాడంట.

"ఎట్లుంటాదయ్యా?"

"చెయ్యి కాలినట్లుంటాది."

"చల్లగుంటాది అంటారే?"

"అంత చల్లదనం కాలుస్తాదమ్మా."

ఆ ఏడు వాన సరిగ్గా లేదు. శెనక్కాయ చేలు ఎండి, గొర్రెలు తోలుకుపోతే ఊరంతా ఎర్రదుమ్ము లేచేది. ఆ దుమ్ములో కూర్చుని మేము ఇద్దరం తెల్లటి సముద్రంలో చిక్కుకున్న ఓడను చూసేవాళ్లం. చుట్టూ గడ్డలు బిగిసి ఓడ కదల్లేదు. నెలల తరబడి సూర్యుడు రాలేదు. పిచ్చి పట్టకుండా కెప్టెను ఓడలోవాళ్లకు రోజూ పనులు పెట్టేవాడు. చదువురాని కళాసీలకు ఓడలోనే బడి పెట్టించినాడు. గడ్డాలు పెరిగిన మొగోళ్లు పలకలు పట్టుకుని అక్షరాలు దిద్దుతుంటే ఎట్లుంటాదో అనుకుని నేను గట్టిగా నవ్వినాను. వీధిలో పోతున్నవాళ్లు తిరిగి చూసినారు. అయినా ఎవరూ ఏమీ అనలేదు. గుడ్డి ముసలాయనకు పంతులమ్మ చదివిపెడుతోంది అనుకున్నారు.

బళ్లు తనిఖీ చెయ్యడానికి వచ్చిన ఇన్స్పెక్టరు ఒకసారి అరుగు మీద ఆ పుస్తకం చూసి లేచి నిలబడినాడు. ఇట్లాంటిది దొరల సీమలో కూడా దొరకదనీ, కొయ్యని పేజీలు ఉన్నందుకే దానికి అంత విలువనీ, మిగిలినవన్నా అట్లే ఉంచమనీ బతిమాలినాడు. నేను చాకు కింద పెట్టినాను.

అమల్దారు గారు అంతా విని, "వయసులో ఉన్నప్పట్నుంచీ కొయ్యకనే పెట్టుకుంటి కదా సార్, నాకేమొచ్చె?" అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, "కొయ్యమ్మా," అన్నాడు.

సగం పైగా అయినాక, కోతల కాలంలో కొడుకు వచ్చి ఆయన్ను కండ్ల ఆపరేషనుకు బెంగళూరు తీసుకుపోయినాడు. పుస్తకం నా చేతికిచ్చి, "నేను వచ్చేదాకా ముందుకు పోవద్దు," అన్నాడు పెద్దాయన. నేను పోలేదు. ఇల్లంతా ఖాళీ. సాయంత్రాలు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కోసిన పేజీలే మళ్లీ చదివేదాన్ని. చదివితే వినేవాళ్లు లేక, తప్పు పలికినా దిద్దేవాళ్లు లేక, గొంతు దానంతటదే తగ్గిపోయేది.

నెల దాటినాక ఆయన తిరిగి వచ్చినాడు. బండి చప్పుడు వినపడగానే పుస్తకం పట్టుకుని పరిగెత్తినాను. ఆయన అరుగు మీద కూర్చోనుండాడు. ముక్కు మీద దళసరి అద్దాలు, వాటి వెనక కండ్లు ఇంతింత పెద్దవిగా కనపడుతున్నాయి. నన్ను చూసి, "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

"నేనేనయ్యా. పంతులమ్మను."

చాలాసేపు చూసినాడు. నా తెల్లచీర చూసినాడు, బోసి నుదురు చూసినాడు.

"నువ్వింత చిన్నపిల్లవా?" అన్నాడు. "గొంతు విని నలభై దాటిన ఆమె అనుకుంటి."

పుస్తకం తీసుకుని మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. నేను నా చోట కూర్చోబోతుంటే, మొగం పక్కకు తిప్పుకుని, "ఇంగ నేనే చదువుకుంటాలేమ్మా. నీకెందుకు శ్రమ," అన్నాడు.

నేను గదిలోకి వచ్చి తలుపేసుకున్నాను. నా తప్పేందో తెలియలేదు. మరునాడు వంటామె ముంతలో మజ్జిగ తెచ్చిచ్చి, నా మొగం చూసి గడపలో కూలబడింది.

"ఏడవొద్దమ్మా. ఆయనకు కండ్లు లేనప్పుడు ఊరు కూడా చూడలేదు. ఇప్పుడాయనకు కండ్లొచ్చినాయి, ఊరికీ వచ్చినాయి. నీ మంచికే చేసినాడు."

మంచికే కావచ్చు. కానీ సాయంత్రమైతే గోడ అవతల చాకు చప్పుడు వినపడేది. సర్రుమని ఒక మడత, కొంచెం సేపాగి ఇంకొక మడత. ఆ ఓడ నన్ను విడిచి ముందుకు పోతోంది అనిపించేది. చెవులు మూసుకోవడానికి మనసు రాలేదు. వారం రోజులు నేను అన్నం సరిగ్గా తినలేదు.

ఒక సాయంత్రం పొయ్యి ముట్టిస్తుంటే గోడ అవతలినుంచి ఆయన గొంతు వినపడింది. పుస్తకం చదువుతున్నాడు, పైకి, గట్టిగా. ముసలివాళ్లకు అట్లా చదివే అలవాటుంటాది అనుకున్నాను. కొంచెం సేపటికి ఒక కష్టమైన మాట వచ్చింది. ఆగినాడు. "అంటే గడ్డల మధ్య దారి విడిందని," అని తెలుగులో చెప్పినాడు. మళ్లీ చదవడం మొదలుపెట్టినాడు.

ఇంగ్లీషులో తీర్పులు రాసిన మనిషి. ఇంగ్లీషు మాటకు తనకు తాను అర్థం చెప్పుకోవాల్సిన పని ఆయనకు లేదు. నేను పొయ్యి ఆర్పి, గోడకు వీపు ఆనించి కూర్చున్నాను.

అట్లా రోజూ. ఎండ దిగేవేళ ఆయన మొదలుపెట్టేవాడు, నేను ఇవతల కూర్చునేదాన్ని. బడిలో పిల్లలు నన్ను ఆపితే, పోవాలమ్మా అని పరుగున వచ్చేదాన్ని. మంచు ఓడను నలిపేసింది. వాళ్లు పడవలు ఈడ్చుకుంటా గడ్డల మీద నడిచినారు. కొందరు దారిలోనే ఉండిపోయినారు. మిగిలినవాళ్లకు ఒక చేపల ఓడ కనపడి ఇల్లు చేరినారు. కడపటి పేజీ చదివి ఆయన పుస్తకం మూసిన చప్పుడు వినపడింది. గోడమీద ఒకసారి తట్టి, విన్నాను అని చెప్పాలనిపించింది. చెయ్యెత్తినాను కూడా. తట్టలేదు. బయట అరుగు మీద ఎదురుపడినప్పుడు మునుపటిలాగే ఆయన తల వంచుకున్నాడు, నేనూ తల వంచుకున్నాను.

ఎండాకాలం కొడుకు వచ్చి ఆయన్ను మైసూరుకు తీసుకుపోయినాడు. పుస్తకమూ ఆయనతోనే పోయింది. ఇంట్లో సగం శెనక్కాయ మూటలు పెట్టుకోవడానికి ఒక వ్యాపారి బాడుగకు తీసుకున్నాడు. మరుసటి ఏడు అమల్దారు గారు పోయినాడని వంటామె చెప్పింది. బడికి వచ్చి చెప్పింది పాపం, ఎండలో నడిచి.

నాకు సెలవు ఇవ్వాల్సింది మొగపిల్లల బడి హెడ్‌మాస్టరు. పోయి, అమల్దారు గారు పోయినాడని చెప్పి ఒక పూట సెలవు అడిగినాను.

"ఆయన మీకేమవుతాడు?"

"ఏమీ కాడు సార్. నేనుండే ఇంటి యజమాని."

"దానికి సెలవెందుకమ్మా?" అన్నాడాయన, మంచిగానే.

వెనక్కి వచ్చి పిల్లలను పలకలు తియ్యమన్నాను.