సన్యాసుల మడుగులో తొలి చేప

వంతెన దిగగానే మొదటి ఇల్లు మాది. గ్లాష నదికి వెళ్లేవాడైనా, అక్కణ్నుంచి తిరిగి వచ్చేవాడైనా నా వంటింటి కిటికీ ముందు నుంచి పోవలసిందే. ఎవరి సంచీ బరువుగా వేలాడుతోందో, ఎవరి మొహం వేలాడుతోందో టీ నీళ్లు మరిగేలోపు నాకు తెలిసిపోతుంది. "డీలియమ్మకి మనం కబురు చెప్పక్కర్లేదు, మన కబురు ఆవిడే మనకి చెబుతుంది" అని వీధిలో నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

అలా నేను ఏళ్ల తరబడి చూసినవాళ్లలో కోల్మన్ లవెల్ ఒకడు. మాకు రెండిళ్ల అవతల బూట్లు బాగుచేసే కొట్టు అతనిది. పొట్టివాడు, మితభాషి. పెళ్లి చేసుకోలేదు. తల్లి బతికున్నంతకాలం ఆమెకు టీ కాచి ఇచ్చాడు, ఆమె పోయాక ఆమె కుర్చీలోనే కూర్చుని తన టీ తాను కాచుకున్నాడు. పగలంతా తోలుపని. సాయంత్రమైతే ఈకలు.

ఈకలంటే గాలానికి కట్టేవి. మా నదిలో సన్యాసుల మడుగు అని ఒకటుంది. అక్కడ ఎర్రను, అంటే వానపామును, గుచ్చి చేపను పట్టకూడదు. ఈగతోనే పట్టాలి. అంటే నిజం ఈగ కాదు. కొక్కేనికి కోడి ఈకలు, పట్టుదారం, చిటికెడు కుందేలు బొచ్చు చుట్టి, నీళ్లలో ప్రాణమున్న పురుగులా కదిలేటట్టు చేసిన దొంగ ఈగ. ట్రౌట్ చేపకి గోరంతది, దానికంటే పెద్దదైన సాల్మన్‌కి బొటనవేలంతది. కోల్మన్ కట్టిన ఈగను చూస్తే నాకే నోట్లో వేసుకోబుద్ధి అయ్యేది.

మా బూడిదరంగు పుంజుకు ఏటా చలి తగ్గే వేళకు మెడ బోసిపోయేది. నక్క పని అనుకున్నాను. ఒకనాడు మా ఆయన బూట్లు ఇవ్వడానికి కొట్టుకు వెళ్లి, బల్లమీద దారప్పోగుల మధ్య నా పుంజు మెడ ఈకలను గుర్తుపట్టాను.

"అడిగితే ఇవ్వనా?" అన్నాను.

"అడిగితే ఎందుకంటావు డీలియమ్మా. ఎందుకో చెప్పాననుకో, ఆదివారానికి వీధంతా అదే ఈగ కడతారు."

అప్పట్నుంచి పుంజును నేను చంకలో ఇరికించి పట్టుకుంటే, అతను కావలసిన ఈకలు ఏరుకునేవాడు. ఎందుకని నేను అడిగేదాన్నే. అతను చెప్పేవాడు కాదు.

కోల్మన్‌కు జీవితంలో ఒకటే కోరిక ఉండేది. అది దాచుకున్నాననుకునేవాడు గానీ వీధిలో అందరికీ తెలుసు. జాలరి సంఘం గదిలో గోడకు ఒక నల్ల చెక్క ఉంది. ఏటా సన్యాసుల మడుగులో తొలి సాల్మన్ పట్టినవాడి పేరు దానిమీద తెల్లరంగుతో రాస్తారు. ఆ ఏడాదంతా ప్రతి ఆదివారం మడుగులో గాలం మొదటి విసురు అతనిదే. కోల్మన్ తాత పేరు ఆ చెక్కమీద ఉంది. తండ్రి పేరు రెండుసార్లు ఉంది. కోల్మన్ పేరు లేదు. సంఘం గదికి వెళ్లినప్పుడల్లా అతను ఆ చెక్కకు వీపు పెట్టి కూర్చునేవాడు.

ఈ తొలి చేప సంగతిలో పట్టినవాడి మాట ఒక్కటే చెల్లదు. నదిలో గాలం వేసే ఇంకొకడు లేచి, "నేను చూశాను, ఈగకే పడింది" అనాలి. దాన్ని సాక్ష్యం నిలబడటం అంటారు. అబద్ధమని తేలితే నిలబడ్డవాడికీ శిక్షే. అయితే దీని వెనక ఇంకో పట్టింపు ఉంది, అది ఏ కాగితం మీదా లేదు. ఇద్దరు జోడీగా నదికి పోయినప్పుడు ఒకడు ఈగకు పడిందన్నాడంటే, రెండోవాడు "నేను చూడలేదు" అనకూడదు. అంటే పదిమందిలో స్నేహితుణ్ని దొంగ అన్నట్టే. మా మగవాళ్లు భార్య మాట నమ్మకపోయినా సరే, నదిలో జోడీ మాట నమ్ముతారు.

కోల్మన్ జోడీ ఫెస్టీ గావన్. రొట్టెల బండి తోలేవాడు. పొడగరి, మాటకారి. అతను బండి దిగితే రొట్టె అక్కర్లేని ఆడవాళ్లు కూడా గుమ్మంలోకి వచ్చేవాళ్లు. నేనూ వచ్చేదాన్ని, నాకేం సిగ్గు. బళ్లో ఒకే బల్లమీద కూర్చున్న నాటి నుంచి ఇద్దరిదీ ఒకటే దారి. ఫెస్టీ ఈగలన్నీ కోల్మన్ కట్టినవే. ఫెస్టీ నవ్విస్తే కోల్మన్ నవ్వేవాడు. వేరే ఎవరు ఎంత నవ్వించినా మీసం కదిలేది కాదు.

ఆ ఏడు ఈస్టర్‌కు ముందు మాంసం ముట్టని తపస్సుకాలం సగమైంది. ఇంటింటా ఉప్పుచేప, బంగాళాదుంపలు తిని విసిగిపోయి ఉన్నాం. ఒక శుక్రవారం ఉదయం ఫెస్టీ వంతెన మీదుగా రెండు చేతుల్లో చంటిబిడ్డలా సాల్మన్‌ను ఎత్తుకుని వచ్చాడు. వెండిలా మెరుస్తోంది, సముద్రం నుంచి అప్పుడే వచ్చిన చేపకుండే పేలు ఇంకా తోకకు అంటుకునే ఉన్నాయి. వెనకాల గాలాల రాడ్లు రెండూ మోసుకుని కోల్మన్. అతని మొహం చూసి పట్టింది అతనేననుకున్నాను. అంత వెలుగు.

"కోల్మన్ కట్టిన బూడిద ఈగకే పడింది. నీ పుంజు ఈక, డీలియమ్మా. నీకూ వాటా ఉంది," అన్నాడు ఫెస్టీ.

తర్వాత తెలిసిందేమిటంటే, చేప పడేవేళకు కోల్మన్ ఎగువన నది వంపు అవతల ట్రౌట్ కోసం విసురుతున్నాడు. కేక విని పరుగెత్తేసరికి చేప గడ్డిమీద ఉంది. నీ ఈగే, అన్నాడు ఫెస్టీ. తన పేరు చెక్కెక్కకపోయినా తన ఈగ ఎక్కిందని కోల్మన్ పొంగిపోయాడు. సంఘం గదిలో చేపను తూచి, సంఘం పెద్ద కినాన్ మాస్టారు సాక్ష్యం ఎవరని అడిగితే, కోల్మన్ రెండో ఆలోచన లేకుండా లేచి "నేను చూశాను" అన్నాడు.

తొలి చేపను మా ఇంట్లోనే వండాలి. వీధిలో అంత పొడవు గిన్నె నాకే ఉంది మరి. సాయంత్రం ప్రార్థన అయ్యాక సంఘం వాళ్లు, వీధివాళ్లు వచ్చి తింటారు. చేపను కడుపు కోయకుండానే తూస్తారు కాబట్టి ఆ కోత పని కూడా నాదే. ఆ రోజు ఫెస్టీ చేపను బల్లమీద పెట్టి వెళ్లకుండా తచ్చాడాడు.

"నేను కోసిపెడతాలే డీలియమ్మా. నువ్వు కూర్చో."

తిన్న పళ్లెం ఎన్నడూ తీయని మనిషి. అలాంటివాడు దయ చూపిస్తే నాకు భయం. నా వంటింట్లో నా కత్తి ఇంకొకరు పట్టరని చెప్పి పంపేశాను. గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వచ్చాడు, టోపీ మరిచిపోయానని. టోపీ అతని నెత్తినే ఉంది. అప్పుడే నాకు చేతులు దురద పెట్టాయి.

తలుపు గడియ వేసి కోశాను. ఈగకు పడిన చేపకు కొక్కెం దవడ మూలన దిగుతుంది. చేప ఈగను పట్టి తిరుగుతుందే గానీ మింగదు. ఎర్రనైతే మింగుతుంది. ఈ చేప దవడ మూలలు రెండూ పాలబుగ్గల్లా ఉన్నాయి, గాటు లేదు. గొంతు దిగువన, పొట్ట మొదట్లో కొక్కెం దొరికింది. దానికి జానెడు తెగిన దారం. కొక్కేనికి సగం ఎర్ర.

కోల్మన్‌ను పిలిపించాను. కొట్టులో నడుముకు కట్టుకునే గుడ్డతోనే వచ్చాడు. సాసర్లో పెట్టి చూపించాను. చూశాడు. చేప నోరు తెరిచి ఒక మూల వేలితో తడిమాడు, రెండో మూల తడిమాడు. మళ్లీ మొదటి మూల తడిమాడు. తర్వాత నా కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

"వాడే చెబుతాడు. నేను వెళ్లి అడుగుతాను. వాడే చెబుతాడు డీలియమ్మా, నువ్వు నోరు విప్పకు," అన్నాడు.

నన్ను నోరు విప్పవద్దనడం చిన్న కోరిక కాదు. అయినా సరేనన్నాను. వెళ్లి మాట్లాడి వచ్చాడు. ఫెస్టీ తల దించుకున్నాడట, సిగ్గుపడ్డాడట, భుజం మీద చెయ్యి వేసి భోజనాల దగ్గర అందరి ముందూ ఒప్పుకుంటానన్నాడట. నీ పక్కనే నిలబడతాను లేరా, అని కోల్మన్ ధైర్యం చెప్పి వచ్చాడట. ఇదంతా చెబుతున్నప్పుడు అతని మొహం కాస్త తేరుకుంది. సాసర్‌లోని కొక్కేన్ని రుమాలులో చుట్టి జేబులో వేసుకున్నాడు.

ఎలా పట్టినా చేప చేపే కదా, వండాను. సాయంత్రం ఇల్లు నిండింది. వెన్న, దుంపలు, కొత్తిమీర లాంటి పార్స్లీ ఆకు వేసిన తెల్ల పులుసు. ఫెస్టీ బల్ల చివర నిలబడ్డాడు. కోల్మన్ అన్న మాట ప్రకారం వెళ్లి పక్కన నిలబడ్డాడు. నేను పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని ఆగాను.

ఫెస్టీ గ్లాసు ఎత్తాడు. "ఈ చేపను పట్టింది నేను కాదు. కోల్మన్ ఈగ. వాడు లేకపోతే నా పేరు ఆ చెక్క మీద ఎక్కేదే కాదు," అన్నాడు.

అందరూ బల్లలు చరిచారు. కోల్మన్ అతనివైపు చూస్తూ ఉన్నాడు. ఇంకా ఏదో అంటాడని చూశాడు. ఫెస్టీ కూర్చుని పళ్లెం ముందుకు లాక్కున్నాడు.

అప్పుడు కోల్మన్ రుమాలు విప్పి బల్లమీద పెట్టాడు. ఎక్కడ దొరికిందో చెప్పాడు. ఒక్కొక్కరి చేతిలో చెంచా ఆగిపోయింది.

కినాన్ మాస్టారు కళ్లజోడు పెట్టుకుని కొక్కేన్ని చూశారు. మాస్టారంటే ఊరికి గౌరవం, భయమూ కూడా. ఫెస్టీ ఒంటరిగా మోసం చేసి, స్నేహితుడి చేత తెలియకుండా అబద్ధం ఆడించాడని తేలితే జన్మంతా నది ముఖం చూడనివ్వరు. ఇద్దరూ కలిసి ఆడిన ఆట అయితే రెండేళ్ల శిక్షతో పోతుంది. ఈ లెక్క ఆ గదిలో అందరికీ తెలుసు. ఫెస్టీకి ఇంకా బాగా తెలుసు.

"సరదాకి చేశాం మాస్టారూ," అన్నాడు ఫెస్టీ, పళ్లెంలోకి చూస్తూ. "ఇద్దరం కలిసే చేశాం. వీడికి ఇప్పుడు భయం పట్టుకుంది."

"ఏంట్రా ఆ మాట?" అన్నాడు కోల్మన్. గొంతు పెంచలేదు.

"నువ్వే కదరా చూశానన్నావు. పొద్దున అందరి ముందూ. చూశావా, చూడలేదా?"

మాస్టారు కోల్మన్ వైపు తిరిగారు. "చెప్పు నాయనా. నువ్వు చూశావా?"

చూశానంటే ఎర్రను చూసినట్టు. చూడలేదంటే పొద్దున ఆడింది అబద్ధం.

నేను ఊరుకోలేకపోయాను. అతనికి తెలియదనీ, కొక్కెం చూసినప్పుడు అతని మొహం నేను చూశాననీ చెప్పాను. మాస్టారు మర్యాదగానే విన్నారు. "మొహం సాక్ష్యం కాదమ్మా, డీలియా. పైగా నువ్వు గాలం వేసేదానివి కాదు," అన్నారు.

చివరికి కోల్మన్, "చూడలేదు. వాడు చెప్పాడు, నమ్మాను," అన్నాడు.

నమ్మాను అనే మాటకు సంఘం నిబంధనల్లో చోటు లేదు. ఇద్దరికీ రెండేళ్లు నది నిషేధం. ఆ ఏడు చెక్కమీద ఎవరి పేరూ రాయలేదు.

ఫెస్టీ నాలుగు వారాల్లో మామూలు మనిషయ్యాడు. బండి దగ్గర ఆ కథను తనే నవ్వుతూ చెప్పేవాడు, ఎర్ర గురించి తనమీద తనే జోకులు వేసుకునేవాడు. జనం నవ్వి క్షమించారు. నవ్వించేవాణ్ని ఎవరు మాత్రం ఎంతకాలం దూరం పెడతారు? కోల్మన్‌కు నవ్వించడం రాదు. బూట్లు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఎంతైనా నువ్వూ కలిశావటగా అని కన్నుగీటేవాళ్లు. అతను మేకులు నోట్లో పెట్టుకుని సుత్తి ఎత్తేవాడు. ఫెస్టీ బండి ఆగితే కొట్టు తలుపు మూసేవాడు. నేను మా ఇంట్లో సోడా రొట్టె కాల్చినప్పుడల్లా అతనికి ఒకటి ఇచ్చి వచ్చేదాన్ని.

రెండేళ్లూ గడిచాయి. మూడో ఏడు చేపలకాలం మొదలైన వారంలోనే కోల్మన్ రాడ్డు భుజాన వేసుకుని నా కిటికీ ముందు నుంచి వెళ్లాడు. ఒంటరిగా. నేను కొప్పుకు గుడ్డ కట్టుకుని వంతెన మీదికి నడిచాను. చూడాలనిపించింది, అంతే.

మడుగు ఎగువ నుంచి మొదలుపెట్టి, ఒక విసురు, ఒక అడుగు, అలా దిగుతూ వచ్చాడు. పెద్ద రాయి దాటాక రాడ్డు వంగింది. చేప మడుగంతా తిరిగింది, రెండుసార్లు గాల్లోకి లేచింది. ఆ ఏటికి అదే తొలి సాల్మన్. చివరికి దాన్ని గులకరాళ్ల ఒడ్డుకు లాక్కొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. బూడిద ఈగ దవడ మూలన నిలిచి ఉండటం వంతెన మీది నుంచి నాకే కనిపిస్తోంది. తాత, తండ్రి, ఇక కోల్మన్. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అవతలి ఒడ్డున చెట్ల చాటు నుంచి ఫెస్టీ వచ్చాడు. అతనికీ శిక్ష అయిపోయింది కదా. టోపీ తీసి చేత్తో పట్టుకుని నీళ్ల అంచుదాకా దిగాడు.

"చూశాన్రా కోల్మన్. మొదట్నుంచీ చూశాను. ఈసారి నీకు నేను నిలబడతాను," అన్నాడు. అతని గొంతులో వెటకారం లేదు. అది నేను ఒప్పుకోవాలి.

నదిమీద గాలం వేసేవాడు ఇంకొకడు కనుచూపు మేరలో లేడు. నేను చూశాను గానీ నా చూపు లెక్కలోకి రాదు. కోల్మన్ పేరు చెక్కెక్కాలంటే ఫెస్టీ మాట ఒక్కటే దారి.

కోల్మన్ అతనివైపు చూడలేదు. వంగి ఈగను మెల్లిగా తిప్పి ఊడదీశాడు. చేపను రెండు చేతుల మధ్య నీళ్లలో పట్టుకుని, తల ప్రవాహానికి ఎదురుగా తిప్పి, అది ఊపిరి తీసుకునేదాకా ఆగాడు. తర్వాత చేతులు తెరిచాడు. మా ఊళ్లో సాల్మన్‌ను పట్టి వదిలినవాణ్ని నేను అప్పటిదాకా ఎరగను.

ఫెస్టీ టోపీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కోల్మన్ తడిసిన చొక్కా చేతులు పిండుకుని, దారం చుట్టుకుని, వంతెన ఎక్కి వచ్చాడు.

"నీకు మతి పోయిందా?" అన్నాను.

"చిన్నది డీలియమ్మా," అని పక్కనుంచి వెళ్లిపోయాడు.

చిన్నది కాదు. నా గిన్నెలో పట్టేది కాదు.